మన నేల మీద చేతి గడియారం



మీ చేతికి వాచీ ఉంటే ఒక్కసారి విప్పి వెనక్కి తిప్పి చూడండి. వెనక మూత అంచు చుట్టూ, బెల్టు కలిసే చోట, నల్లగానో పచ్చగానో మురికి పేరుకుని ఉంటుంది. అందులో మన చెమట ఉంది, చర్మపు పొట్టు ఉంది, సబ్బు ఉంది, ఈ ప్రాంతపు దుమ్ము ఉంది. చాలా వాచీల ఆయుష్షును తగ్గించేది ఆ మురికే. గోడకు తగిలి పగిలిన వాచీలు మనకు గుర్తుంటాయి గానీ, రిపేరు బల్ల మీదికి వచ్చే వాచీల్లో ఎక్కువ భాగం అలా ఒక్క దెబ్బకు పాడైనవి కావు. రోజూ ఇంత చెమట, ఇంత ఇసుక, ఇంత తడి పట్టి, రెండు మూడేళ్లకు ఒక ఉదయం ఆగిపోయినవి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి దాటి భద్రాచలం దాకా, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల అడవుల దాకా ఉన్న ఈ నేల చేతి గడియారానికి చాలా గట్టి పరీక్ష పెడుతుంది. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటే ఎండ. మృగశిర దాటితే నెలల తరబడి తడి. ఖమ్మం చుట్టూ గ్రానైట్ పొడి, ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు ధూళి, భద్రాచలంలో ఏటి ఇసుక. వాచీతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో వీటి గురించి ఏమీ ఉండదు. అందుకే ఈ కాసేపు మన ఊళ్లను దృష్టిలో పెట్టుకుని మాట్లాడదామనుకున్నాను.

ఒకప్పుడు పెళ్లికొడుక్కి పెట్టే వస్తువుల్లో సైకిలు, రేడియో, వాచీ మూడూ కలిసి వినబడేవి. ఆ వాచీ ఎక్కువగా హెచ్ఎంటీయే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలైంది. జనతా, పైలట్, కోహినూర్, సోనా, కాంచన్ అనే పేర్లు ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వస్తాయి. 1980లలో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. 1987లో హోసూరు నుంచి టైటాన్ వాచీలు రావడం మొదలయ్యాక కీ ఇచ్చే వాచీలు తగ్గి సెల్లు వాచీలు పెరిగాయి. హెచ్ఎంటీ వాచీల సంస్థను మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయించింది. అంటే మీ నాన్నగారి జనతా వాచీలో ఒక చక్రం అరిగిపోతే, మరో పాత జనతాలోంచి తీసి వేయాల్సిందే. కాపాడుకోండి అని గట్టిగా చెప్పడానికి కారణం అది. మరో వాచీని కొనుక్కోవచ్చు, నాన్నగారి వాచీని కొనుక్కోలేం.

ముందు అద్దం సంగతి చూద్దాం. వాచీ అద్దాలు మూడు రకాలు. పాత జనతా లాంటి వాటికి ఉండేది నిజానికి అద్దం కాదు, యాక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్. పగలదు గానీ తొందరగా గీతలు పడుతుంది. ఇప్పటి మామూలు వాచీలకు మినరల్ గ్లాసు ఉంటుంది. ఖరీదైన వాటికి కృత్రిమంగా తయారు చేసిన నీలమణి, అంటే సఫైర్ బిగిస్తారు. వస్తువుల గట్టితనాన్ని కొలవడానికి మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1812లో ఒక కొలత ఏర్పాటు చేశాడు. అందులో వజ్రానిది 10, సఫైర్‌ది 9. మినరల్ గ్లాసు 5, 6 అంకెల దగ్గర ఉంటుంది. మరి గోదావరి ఇసుకలో మెరిసే తెల్లని రేణువులున్నాయే, అవి క్వార్ట్జ్. వాటి గట్టితనం 7. గ్రానైట్‌లో ఉండేవి కూడా ముఖ్యంగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. మన గాలిలో ఎగిరే దుమ్ము మన మామూలు వాచీ అద్దం కన్నా గట్టిది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. సెల్లు వాచీ లోపల సమయాన్ని నడిపేదీ క్వార్ట్జే. డయల్ మీద ఆ పేరు రాసి ఉంటుంది. ఒక చిన్న క్వార్ట్జ్ ముక్కకు కరెంటు అందితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టి సెకను ముల్లును ఒక అడుగు ముందుకు వేయించడమే లోపలి చిప్పు పని. లోపల వాచీని నడిపేదీ, బయట దాని అద్దాన్ని గీసేదీ ఒకే జాతి ఖనిజం.

అయితే దుమ్ము వచ్చి వాలినంత మాత్రాన గీత పడదు. గీత పడేది మనం తుడిచేటప్పుడు. డయల్ కనబడకపోతే చొక్కా అంచుతోనో, చీర కొంగుతోనో, తువ్వాలుతోనో ఒక్క రుద్దు రుద్దుతాం. అప్పుడు గుడ్డకూ అద్దానికీ మధ్య ఇరుక్కున్న ఇసుక రేణువు గీసుకుంటూ పోతుంది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, రాయిని నునుపు చేసేది ఇలాంటి గట్టి పొడే. కాబట్టి ముందు గట్టిగా ఊదండి. మెత్తని బ్రష్షు ఉంటే దాంతో దులపండి. దుమ్ము పోయిందనుకున్నాకే మెత్తని, శుభ్రమైన నూలు గుడ్డతో తుడవండి. ఈ ఒక్క క్రమం పాటిస్తే అద్దం చాలాకాలం తేటగా ఉంటుంది. పాత ప్లాస్టిక్ అద్దం మీద సన్నని గీతలుంటే కొంచెం తెల్ల టూత్‌పేస్టు నూలు గుడ్డకు అద్ది నెమ్మదిగా రుద్దితే చాలావరకు పోతాయి. మినరల్ గ్లాసు మీద ఆ పని చేయకండి, ప్రయోజనం ఉండదు.

బొగ్గు అంత గట్టిది కాదు. కానీ గనిలో బొగ్గు ఒక్కటే ఉండదు కదా. పైకప్పు ఇసుకరాయి పొడి ఉంటుంది, పూడికకు వాడిన ఏటి ఇసుక ఉంటుంది. ఆ ధూళి చెమటతో కలిసి చైను వాచీ కీళ్లలో చేరితే సానపెట్టే ముద్దలా పనిచేస్తుంది. చైను కొన్నేళ్లకే వదులై వేలాడటానికి కారణం అదే. భూగర్భ గనిలోకి ఏ రకం వాచీ తీసుకువెళ్లవచ్చో మీ గని భద్రతా అధికారులు చెప్పిన నియమమే మీరు పాటించాలి, అందులో నేను చెప్పేదేమీ లేదు. ఉపరితలంలో పనిచేసే వాళ్లు మాత్రం షిఫ్టు దిగాక, చేతులు కడుక్కునేటప్పుడు చైను కీళ్లను కూడా మెత్తని పళ్ల బ్రష్షుతో దులుపుకుంటే మంచిది.

ఇక నీళ్లు. ఈ విషయంలో మన జనాన్ని తప్పుదారి పట్టించింది వాచీ వెనక ఉండే రాతే అంటాను. 'వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు' అని ఉంటుంది. ముప్పై మీటర్ల లోతుకు పోయినా ఏమీ కాదని మన అర్థం. నిజానికి దాని అర్థం అది కాదు. కొత్త వాచీని ప్రయోగశాలలో కదలని నీటిలో ఉంచి, 30 మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడి పెట్టి చూస్తారు. చెయ్యి ఊపితే, ఈత కొడితే, పంపు నీళ్ల ధార తగిలితే పడే ఒత్తిడి వేరు. వాడుకలో 30 అంటే చేతులు కడుక్కున్నా, నాలుగు చినుకులు పడ్డా ఫరవాలేదని మాత్రమే. 50 అంటే కాసేపు నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది. ఏట్లో మునిగి ఈదాలంటే కనీసం 100 ఉండాలి. ఏమీ రాసి లేని వాచీని, పాత కీ వాచీని తడి చేత్తో కూడా ముట్టుకోకపోవడం మేలు.

నీళ్లలోకి దిగగల వాచీ అనే ఆలోచన కనీసం వందేళ్ల నాటిది. రోలెక్స్ కంపెనీ 1926లో ఆయిస్టర్ అనే వాచీ చేసింది. మరుసటి ఏడాది మెర్సిడెస్ గ్లైట్స్ అనే ఆంగ్ల ఈతగత్తె ఆ వాచీని మెడకు కట్టుకుని ఇంగ్లిష్ చానల్‌లో గంటల తరబడి చల్లని నీళ్లలో ఈదింది. వాచీ నడుస్తూనే ఉంది. దాని మూత, కీ రెండూ మరల మీద బిగుసుకునేలా చేయడంలో ఉంది ఆ నేర్పంతా. ఇప్పుడు మన చేతులకున్న వాచీల్లో ఆ పని చేసేవి సన్నని రబ్బరు వాషర్లు. వెనక మూత కింద ఒకటి, కీ కాడ చుట్టూ ఒకటి, చాలా వాటిలో అద్దం చుట్టూ ఒకటి. వాచీని నీళ్ల నుంచి కాపాడేది అంతే.

రబ్బరుకు ఎండ పడదు, చెమట పడదు, సబ్బు పడదు. మన వేసవులు నాలుగు గడిచేసరికి ఆ వాషరు గట్టిపడి చిట్లుతుంది. పైకి చూస్తే వాచీ కొత్తదానిలా ఉంటుంది, వెనక 50 మీటర్లనే రాసి ఉంటుంది, లోపల మాత్రం అడ్డుకునేది ఏదీ ఉండదు. ఆ రాత వాచీ కొన్న రోజుకే వర్తిస్తుందని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లోనే చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. నీళ్లు తట్టుకునే వాచీల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణంలో కూడా ఇలాంటిదే ఉంది. వాచీ ఒంటి వేడికో ఎండ వేడికో వెచ్చగా ఉన్నప్పుడు అద్దం మీద ఒక చుక్క చల్లని నీళ్లు వేయండి. ఒక నిమిషం ఆగి తుడిచేయండి. అద్దం లోపలి వైపు మసక కనబడితే లోపల తేమ చేరిందన్నమాట. ఆ వాచీని ఆ వారంలోనే రిపేరుకు ఇవ్వాలి. బయట మెరుస్తున్న ఎండలోంచి ఏసీ గదిలోకి, బ్యాంకులోకో ఆసుపత్రిలోకో వెళ్లినప్పుడు అద్దం లోపల పొగలా కమ్ముకుందంటే అదీ ఇదే సంగతి.

కీ బయటికి లాగి ఉంటే తలుపు తీసి పెట్టినట్టే. తునికాకు కోసేటప్పుడు రెమ్మలు తగిలి, మోపు ఎత్తేటప్పుడు తాడు ఒరుసుకుని కీ కొంచెం బయటికి వచ్చేస్తుంది, మనకు తెలియదు. సెకను ముల్లు ఆగిందంటే ముందు కీ చూడండి. టైము సరిచేయాలంటే చెయ్యి, వాచీ రెండూ పొడిగా ఉన్నప్పుడే కీ లాగండి. వేడినీళ్ల స్నానం చేసేటప్పుడు ఏ వాచీ అయినా సరే విప్పి పెట్టండి. ఆవిరి, సబ్బు నీళ్లు మామూలు నీళ్ల కన్నా సన్నని సందుల్లోంచి దూరతాయి.

భద్రాచలంలో శ్రీరామనవమికి, ముక్కోటికి గోదావరి స్నానానికి వచ్చేవాళ్లు వాచీ విప్పి చొక్కా జేబులో వేసి, ఆ చొక్కాను రేవు మెట్ల మీద పెట్టడం చూస్తూనే ఉంటాం. ఇసుకలో, తడి బట్టల మధ్య ఉండటం కన్నా ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించి పెట్టుకోవడం ఎంతో నయం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. స్నానానికి వచ్చే చుట్టాలకు ఈ మాట చెప్పి ఉంచండి.

వరద సంగతి వేరుగా చెప్పాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అలాంటి వరదలో బీరువాలూ పెట్టెలూ మునిగితే, అన్నిటితో పాటు దాచుకున్న వాచీలూ మునుగుతాయి. వరద నీళ్లలో ఒండ్రు ఉంటుంది. ఆ సన్నని మన్ను చక్రాల పళ్ల మధ్య ఎండిపోతే తర్వాత తీయడం కష్టం. మునిగిన వాచీ నడుస్తుందేమోనని కీ తిప్పి చూడకండి. ఊపకండి. పొయ్యి దగ్గరా, ఎండలోనూ పెట్టకండి. లోపలి నీళ్లు ఆవిరై డయల్‌ను కమ్మేస్తాయి, రంగు లేస్తుంది. పైన తడి తుడిచి, కీ బయటికి లాగి, కొత్త చెప్పుల పెట్టెల్లో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలుంటాయి కదా, అవి నాలుగైదు వేసి గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. రోడ్డు తెరుచుకున్న రోజే రిపేరు మనిషికి అందించండి. ఉక్కు భాగాలకు తుప్పు పట్టడం గంటల్లో మొదలవుతుంది. చర్ల లాంటి దూరపు మండలాల వాళ్లకు వెంటనే రావడం సాధ్యం కాదని తెలుసు, అందుకే ఆ సిలికా పొట్లాలు పారేయకుండా దాచుకోమని చెబుతున్నాను. బియ్యంలో పెడితే తేమ లాగేస్తుందంటారు. బియ్యం దుమ్ము, పిండి లోపలికి పోవడం తప్ప అంత మేలు జరగదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించే విషయానికి వస్తాను. సెల్లు మార్పించడం. చాలా వాచీల్లోకి మొదటిసారి నీళ్లు పోయేది సెల్లు మార్పించిన తర్వాతి వర్షాకాలంలోనే. కారణం సులభం. వెనక మూత తీసినప్పుడు రబ్బరు వాషరు సాగుతుంది, మెలిక పడుతుంది, ఒక్కోసారి మూత కింద ఇరుక్కుని తెగుతుంది. తొందరలో మూత నొక్కేసి ఇస్తారు. బయటికి ఏమీ తెలియదు. కాబట్టి సెల్లు వేయించేటప్పుడు దగ్గర నిలబడి, వాషరు తుడిచి, కొంచెం సిలికాన్ గ్రీజు రాసి, సరిగా కూర్చోబెట్టి మూత వేయమని అడగండి. గట్టిపడి ఉంటే కొత్తది వేయమనండి. దాని ఖర్చు సెల్లు ఖర్చుతో పోలిస్తే ఏమంత ఉండదు. ఖరీదైన వాచీ అయితే, నీళ్లు పోతున్నాయో లేదో ఒత్తిడి మిషను మీద చూసే షాపుకే తీసుకువెళ్లండి.

ఆగిపోయిన సెల్లును నెలల తరబడి లోపల ఉంచకూడదు. అది కారుతుంది. కారిన ద్రవం రాగి తీగ చుట్టను, సర్క్యూట్ పలకను తినేస్తుంది. తర్వాత కొత్త సెల్లు వేసినా వాచీ నడవదు. కొన్ని వాచీల్లో సెల్లు అయిపోవస్తుంటే సెకను ముల్లు ఒక్కో సెకనుకు కాకుండా రెండేసి, నాలుగేసి సెకన్లకు ఒక గెంతు గెంతుతుంది. వాచీ చెడిపోయిందని పెట్టెలో పడేయకండి, సెల్లు మార్చమని అది చెబుతోందంతే. పెట్టుకోని వాచీ ఇంట్లో ఉంటే సెల్లు తీయించి దాచండి.

చెమట గురించి మొదట్లోనే అన్నాను. చెమటలో ఉప్పు ఉంటుంది. తక్కువ ధర వాచీల కేసు ఇత్తడి మీద పూతే. అంచున ఆ పూత పోయిన చోట చెమట చేరి కేసును తింటూ లోపలికి పోతుంది. ఉక్కు మూత మీద కూడా ఏళ్ల తరబడి మురికి నిలిస్తే చిన్న గుంటలు పడతాయి, ఆ గుంట వాషరు కూర్చునే చోట పడితే ఇక ఎంత కొత్త వాషరు వేసినా నీళ్లు ఆగవు. మిరప కల్లాల్లో, ఖమ్మం మార్కెట్‌లో టిక్కీలు మోసేవాళ్లకు చెమటతో పాటు కారం నూనె, దుమ్ము కూడా అంటుతాయి. రాత్రి వాచీ విప్పినప్పుడు వెనక మూతను, బెల్టు లోపలి వైపును కొంచెం తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. నిమిషం పని. తోలు బెల్టుకైతే పొడి గుడ్డే. వర్షాకాలంలో తోలు బెల్టుకు బూజు పడుతుంది, కాబట్టి ఆ నాలుగు నెలలూ రబ్బరు బెల్టో నైలాన్ బెల్టో వేసుకుని, తోలుది ఆరబెట్టి దాచుకోవడం తెలివైన పని.

అడవి అంచు ఊళ్లలో దోమల బెడద మనకు తెలుసు, మలేరియా భయం తెలుసు. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందుల్లో డీట్ అనే రసాయనం ఉండేవి కొన్ని ఉన్నాయి. అది కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ప్లాస్టిక్ అద్దం మసకబారుతుంది, ప్లాస్టిక్ బెల్టు జిగటగా తయారవుతుంది. మందు రాసుకోవడం మానకండి, మనిషి కన్నా వాచీ ఎక్కువ కాదు. వాచీ విప్పి, మందు రాసుకుని, అది ఆరాక అరచేతులు తుడుచుకుని పెట్టుకోండి. అత్తరు, సెంటు కొట్టుకునేటప్పుడూ అంతే.

ఎండలో నిలిపిన కారు లోపల, అద్దం ముందు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వాచీ వదిలితే సెల్లు ఆయుష్షు తగ్గుతుంది, కీ వాచీలో నూనె పలచబడి ఉండాల్సిన చోటి నుంచి జారిపోతుంది.

దెబ్బల విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. 'షాక్ రెసిస్టెంట్' అని రాయాలంటే వాచీ ఒక పరీక్షకు నిలబడాలి. మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడితే తగిలేంత దెబ్బను అది తట్టుకోవాలి. చెక్క నేల మీద! మన ఇళ్లలో ఉన్నది షాబాదు బండలు, గ్రానైట్, సిమెంటు గచ్చు. చెక్క కాస్త లొంగుతుంది, రాయి లొంగదు. కీ వాచీలో అటూ ఇటూ ఊగే చక్రం ఒకటుంటుంది, దాని ఇరుసు కొన తలవెంట్రుకంత సన్నం. పాత హెచ్ఎంటీ డయళ్ల మీద 'పారాషాక్' అని రాసి ఉండేది, ఆ ఇరుసు కొనను కాపాడే చిన్న స్ప్రింగు ఏర్పాటు పేరది. అది ఉన్నా బండ మీద పడ్డ వాచీకి భరోసా లేదు. వాచీ చేతి నుంచి జారేది ఎక్కువగా విప్పేటప్పుడో కట్టుకునేటప్పుడో కాబట్టి, ఆ పని మంచం మీద కూర్చునో, పరుపు మీదికి వంగో చేయండి. గొడ్డలితో కట్టెలు కొట్టేటప్పుడు, సుత్తి పట్టినప్పుడు, క్రికెట్ ఆడేటప్పుడు కీ వాచీ తీసి పక్కన పెట్టండి.

ఇలాంటి పనుల్లోనే రోజంతా ఉండేవాళ్లకు, అడవిలో తిరిగే సిబ్బందికి, క్వారీ కార్మికులకు నా సలహా వేరు. తండ్రి ఇచ్చిన వాచీ ఇంట్లో ఉంచి, రబ్బరు ఒరతో వచ్చే డిజిటల్ వాచీ ఒకటి పనికి పెట్టుకోండి. జపాన్‌లో కాసియో కంపెనీ ఇంజినీరు కికువో ఇబే, తన తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి పగిలిపోయిన బాధతోనే పగలని వాచీ చేయాలని పట్టుబట్టాడు. మిషను గుండె భాగాన్ని కేసుకు గట్టిగా బిగించకుండా, దాదాపు తేలుతున్నట్టు నిలిపాడు. 1983లో వచ్చిన ఆ జీ-షాక్ వాచీ పది మీటర్ల ఎత్తు నుంచి పడ్డా తట్టుకునేలా తయారైంది.

అద్దాన్ని కాపాడటానికి మనుషులు పడిన పాట్లు ఇంకా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వాచీ అద్దం మీద ఇనుప జాలీ మూతలు వేసుకున్నారు. మన దేశంలోనే పోలో ఆడే ఆంగ్ల అధికారుల వాచీ అద్దాలు కర్ర దెబ్బలకు పగిలిపోతుంటే, వాళ్ల కోసం 1931లో రివర్సో అనే వాచీ వచ్చింది. ఆట మొదలయ్యే ముందు కేసును తిప్పేస్తే అద్దం లోపలికి, ఉక్కు వీపు బయటికి వస్తుంది. మన డ్రైవర్లు, పోలీసులు చాలామంది పైసా ఖర్చు లేకుండా అదే పని చేస్తారు. డయల్‌ను మణికట్టు లోపలి వైపు తిప్పి కట్టుకుంటారు. బయట పనికి అది మంచి పద్ధతి. బల్ల ముందు కూర్చుని రాసేవాళ్లకు మాత్రం పనికిరాదు, బల్ల అంచుకు అద్దం రాసుకుంటూనే ఉంటుంది.

వాచీలు పోవడానికి ఇంకో పెద్ద కారణం బెల్టు పిన్ను. చిన్న స్ప్రింగు పుల్ల అది. చెమటకు తుప్పు పట్టి, బండి మీద గుంతల రోడ్డులో పోతుండగా విరుగుతుంది. ఇంటికి వచ్చాక చూసుకుంటే చేతికి వాచీ ఉండదు. ఏడాదికోసారి రెండు పిన్నులూ మార్పించండి. వాచీ వెనక నుంచి ఒకే పట్టీగా దూరి వచ్చే నైలాన్ బెల్టు వేస్తే ఒక పిన్ను విరిగినా వాచీ పడిపోదు. అడవి దారుల్లో తిరిగేవాళ్లకు ఇంతకన్నా మంచి బెల్టు లేదు.

అయస్కాంతం గురించి రెండు మాటలు. మైకు సెట్టు స్పీకరు మీద, టీవీ స్పీకరు పక్కన, అయస్కాంతం మూత ఉన్న ఫోను కవరు మీద కీ వాచీ పెట్టకండి. లోపలి సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ రోజుకు నిమిషాల తరబడి ముందుకు పరిగెడుతుంది. రిపేరు మనిషి దగ్గర అయస్కాంతం తీసే చిన్న యంత్రం ఉంటే క్షణంలో బాగవుతుంది. తేదీ చూపే కీ వాచీలో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీ మార్చకండి, ఆ సమయంలో తేదీ చక్రం పళ్లు తగులుకుని ఉంటాయి. ఇప్పటి స్మార్ట్ వాచీలు పెట్టుకునే పిల్లలకు చెప్పేది ఒక్కటే. వెనక చార్జింగు చుక్కలు చెమటతో తడిగా ఉండగా చార్జర్‌కు తగిలించకండి, అవి పచ్చబడి తుప్పు పడతాయి.

వాచీ ఆరోగ్యం తెలుసుకోవడానికి మీ దగ్గర ఇప్పటికే ఒక సాధనం ఉంది, మీరు వింటున్న ఈ రేడియో. వారానికోసారి ఒకే రోజున, రేడియోలో టైము చెప్పినప్పుడు వాచీ ఎన్ని సెకన్లు ముందుందో, వెనకుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మంచి సెల్లు వాచీ నెలకు పావు నిమిషం అటూ ఇటూ ఉంటుంది. కీ వాచీ రోజుకు అర నిమిషం తేడా చూపినా తప్పు పట్టక్కర్లేదు. ఎంత తేడా అన్నది అంత ముఖ్యం కాదు, ఆ తేడా ఉన్నట్టుండి మారడం ముఖ్యం. హఠాత్తుగా ముందుకు పోతుంటే అయస్కాంతం అనుమానించాలి. నెమ్మదిగా వెనకబడుతుంటే నూనె ఎండిపోయిందని అర్థం. కీ వాచీకి నాలుగైదేళ్లకోసారి మిషను విప్పి, కడిగి, నూనె వేయించాలి. నూనె ఎండాక కూడా వాచీ నడుస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం. ఇరుసులు పొడిగా తిరిగి తిరిగి అరిగిపోతాయి.

బస్టాండు పక్కన, బజారు మలుపులో చిన్న అద్దాల పెట్టె ముందు, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే రిపేరు మనుషులు ఏటేటా తగ్గిపోతున్నారు. ఫోను వచ్చాక వాచీలు తగ్గాయి, వాచీలతో పాటు వాళ్ల పనీ తగ్గింది. వాళ్ల పిల్లలు ఆ పని నేర్చుకోవడం లేదు. పాత హెచ్ఎంటీ, ఆల్విన్ మిషన్లు విప్పి తిరిగి కూర్చగల చెయ్యి మీ ఊళ్లో ఇంకా ఉంటే, ఇంట్లో పడి ఉన్న వాచీని ఇప్పుడే వాళ్ల దగ్గరకు తీసుకువెళ్లండి. వాళ్లు అడిగిన కూలీ దగ్గర బేరమాడకండి.

రోహిణి కార్తె ముగిసేలోగా, మొదటి వాన పడకముందే ఈ పని పెట్టుకోండి. వాషరు చూపించండి, పిన్నులు మార్పించండి, ఆగిపోయిన సెల్లు తీయించండి. మూడూ కలిపి అరగంట పని.